మెడల్స్ పటం కట్టించే ముందు: సూర్యాపేట దుకాణం పనితనం ఎట్లుంది?

సూర్యాపేటలో, 2020లో గల్వాన్ లోయలో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉన్న చౌరస్తాకు నడిచేంత దూరంలో పటాలు కట్టే దుకాణం ఒకటుంది. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫొటోలు ఎప్పటినుంచో కడుతున్నారు. కొన్నేళ్లుగా మిలిటరీ మెడల్స్ పెట్టే పెట్టె పటాలు, అంటే అద్దానికీ వెనక అట్టకూ నడుమ ఖాళీ ఉండే లోతు పటాలు కూడా చేస్తున్నారు. నల్లగొండ, మిర్యాలగూడ, కోదాడ నుంచే కాక మహబూబ్‌నగర్ నుంచి కూడా రిటైరైన సైనికుల ఇళ్లవాళ్లు ఇక్కడికి వస్తున్నారు. అక్కడ తయారైన మూడు పటాలను వెనక అట్ట విప్పి మరీ చూశాం. ఒకటి కల్నల్‌గా రిటైరైన అధికారిది, 24 × 36 అంగుళాలు. రెండోది సుబేదార్‌ది, 18 × 24. మూడోది హవల్దార్‌ది, 12 × 16.

ముందే తేల్చి చెప్తాం. చెక్కపని, మూలల కోత, అద్దం బిగింపు బాగున్నాయి, నమ్మి ఇవ్వొచ్చు. లోపల ఏది ఎక్కడ ఉండాలో, కింద ఏం రాయాలో మాత్రం దుకాణానికి వదిలేయొద్దు. కాగితం మీద గీసి, రాసి, మీరే ఇవ్వాలి. అట్లా ఇవ్వని రెండు పటాల్లో తప్పులు దొర్లాయి. ఇచ్చిన మూడోది ముప్పై ఏళ్లయినా చెక్కుచెదరకుండా ఉండే పని.

తప్పు ఎక్కువగా జరిగేది మెడల్స్ వరుసలో. పటానికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఎడమ చివర ఉండేదే అన్నిటికన్నా పెద్ద మెడల్. మెడల్స్ తొడిగేది ఎడమ రొమ్ము మీద. పెద్దది రొమ్ము నడిమికి దగ్గరగా ఉంటుంది, తక్కువవి భుజం వైపు పోతాయి. చూసేవాళ్లకు అది ఎడమ నుంచి కుడికి దిగే వరుస. దుకాణంవాళ్లు అందం చూసి పేర్చారు. నక్షత్రం ఆకారంలో ఉన్నది నడుమ, గుండ్రనివి అటూ ఇటూ. కల్నల్ పటంలో ఐక్యరాజ్యసమితి మెడల్ నీలం రిబ్బన్ బాగా కనిపిస్తోందని దాన్ని మధ్యలో పెట్టారు. అది చివర ఉండాల్సింది. విదేశీ మెడల్స్ ఎప్పుడూ మన మెడల్స్ తర్వాతే.

ఒక మాదిరి వరుస ఇస్తున్నాం, చాలామందికి ఇందులోవే ఉంటాయి. ముందు శౌర్యానికీ విశిష్ట సేవకూ ఇచ్చినవి, ఉదాహరణకు సేనా మెడల్. తర్వాత గాయపడినవాళ్లకు ఇచ్చే పరాక్రమ్ పదక్. ఆ వెనక స్పెషల్ సర్వీస్ మెడల్, ఆపరేషన్ విజయ్ మెడల్, ఆపరేషన్ పరాక్రమ్ మెడల్, సైన్య సేవా మెడల్, హై ఆల్టిట్యూడ్ మెడల్, విదేశ్ సేవా మెడల్. ఆ తర్వాత 50వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్. పిమ్మట దీర్ఘకాల సేవవి: 30 ఏళ్లది, 20 ఏళ్లది, 9 ఏళ్లది, ఇదే క్రమంలో. అన్నిటికీ చివర ఐక్యరాజ్యసమితిది. యూనిఫాంలో తీసిన పాత ఫొటో ఇంట్లో ఉంటే అందులో రిబ్బన్ బద్దలను భూతద్దంతో చూసి సరిపోల్చుకోండి. పై వరుసలో ఎడమ వైపుది మొదటిది. ఆ ఫొటో తీసిన తర్వాత వచ్చిన మెడల్స్ అందులో ఉండవని మర్చిపోవద్దు.

రిబ్బన్ తిరగేసి కట్టడం ఇంకో పొరపాటు. చాలా రిబ్బన్లు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఇబ్బంది రాదు. శౌర్యానికి ఇచ్చే మహావీర్ చక్ర రిబ్బన్ అట్లా కాదు. సగం తెలుపు, సగం కాషాయం. కాషాయం ఎడమ భుజం వైపు ఉండాలి. అంటే పటంలో చూసేవాళ్లకు తెలుపు ఎడమన, కాషాయం కుడిన కనిపించాలి. వీర్ చక్ర రిబ్బన్‌కు తెలుపు బదులు ముదురు నీలం ఉంటుంది, కాషాయం అదే వైపు. ఈ దుకాణం గోడకు అమ్మకానికి తగిలించిన సంతోష్‌బాబు పోస్టర్లలో ఒకదాంట్లో ఆయన మహావీర్ చక్ర రిబ్బన్ తిరగబడి ఉంది. ఆయన సొంతూరిలోనే ఆ తప్పు ఉండటం మనసుకు కష్టంగా ఉంది. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి ముద్రించడం వల్ల జరిగిందది. చొక్కా గుండీలు ఏ వైపున ఉన్నాయో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇక కొలతలు. మన మెడల్స్ వ్యాసం సుమారు 35, 36 మిల్లీమీటర్లు, రిబ్బన్ వెడల్పు 32. పక్కపక్కనే కొద్ది సందుతో పెడితే ఐదు మెడల్స్‌కు 20 సెంటీమీటర్లు, పదింటికి 40 సెంటీమీటర్ల అడ్డం కావాలి. ఐదు దాకా ఉంటే 12 × 16 చాలు. పది దాకా ఉంటే 18 × 24ను అడ్డంగా వాడాలి. రొమ్ము మీద చోటు చాలక ఒకదానిపై ఒకటి ఎక్కించి కడతారు గానీ పటంలో ఆ అవసరం లేదు. లోతు ఒకటిన్నర అంగుళం సరిపోతుంది. అద్దానికీ మెడల్‌కూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి, లేకపోతే వానకాలం అద్దం లోపలి చెమ్మ నేరుగా లోహానికి తగులుతుంది. టోపీ కూడా పెట్టాలంటే నాలుగు అంగుళాల లోతు కావాలి. దానికి ఈ దుకాణంలో బద్ద దొరకదు, వడ్రంగితో విడిగా చేయిస్తారు. ఆ పని ఇంకా చేయి తిరగలేదు, మూలల్లో సందు కనిపించింది. టోపీ వేరే పెట్టెలో పెట్టుకోవడం మేలు.

మెడల్స్‌ను అట్టకు ఎట్లా బిగించారన్నది అన్నిటికన్నా ముఖ్యం. సుబేదార్ పటంలో గ్లూ గన్‌తో అంటించారు. ఎందుకని అడిగితే దుకాణదారు మాట ఇది: "కుట్టు ఊడితే పడిపోతది సారూ, గ్లూ అయితే ఊడది." నిజానికి ఊడేది గ్లూనే. మే నెలలో మన గోడలు కాగిపోయేటప్పుడు ఆ జిగురు మెత్తబడుతుంది, బరువుకు మెడల్ మెల్లగా కిందికి జారుతుంది, రిబ్బన్ మీద పసుపు మరక మిగులుతుంది. ఇంకో నష్టం ఉంది. మెడల్ అంచు మీద సర్వీస్ నంబర్, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. ఆ మెడల్ ఎవరిదో చెప్పే ఆధారం అదొక్కటే. జిగురు ఆ అక్షరాల్లోకి దిగితే తీయడం కష్టం. ఫెవికాల్ కూడా వద్దు. హవల్దార్ పటంలో సరిగ్గా చేశారు: రిబ్బన్ పైభాగాన్ని వెనక అట్టకు సన్నని తెల్ల నూలు దారంతో నాలుగు చోట్ల కుట్టి, మెడల్ కింద అంచుకు మెత్తని ప్లాస్టిక్ గొట్టం తొడిగిన చిన్న వైరు కొక్కెం ఆనించారు. రేపు మనవడు విప్పి చూడాలనుకున్నా దారం కత్తిరిస్తే చాలు. ఇదే పద్ధతి కావాలని ఆర్డర్ కాగితం మీద రాయించుకోండి. దీనికి అదనంగా 300 రూపాయలు తీసుకుంటున్నారు, ఇవ్వొచ్చు.

వెనక గుడ్డ విషయంలో ఈ దుకాణం ఎర్ర మఖమల్‌కే మొగ్గుతుంది. మేమైతే ముదురు నీలం లేదా బూడిద రంగు నూలు గుడ్డ అడుగుతాం. చవక మఖమల్ రంగు చెమ్మకు రిబ్బన్‌కు అంటుకుంటుంది. ఉన్ని గుడ్డ అసలు వద్దు. దాంట్లోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. రబ్బరు ముక్కలు, రబ్బరు షీటు కూడా అంతే. మహావీర్ చక్ర, వీర్ చక్ర వెండివే కాబట్టి అట్లాంటి పతకం ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. గుడ్డ కింద ఆమ్లం లేని మౌంట్ బోర్డు వేయమంటే హైదరాబాద్ నుంచి తెప్పిస్తామన్నారు, వారం పట్టింది, తెచ్చారు. మామూలు గోధుమరంగు అట్ట ఐదారేళ్లలో పొడిపొడిగా రాలుతుంది, చెదలకూ అదే ఇష్టం.

పటం కట్టే ముందు "పాలిష్ చేసి ఇస్తాం" అంటారు. వద్దనండి. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాను తోమే పాలిష్, దేనితో రుద్దినా మెరుపుతో పాటు బొమ్మ గీతలూ అంచు మీది అక్షరాలూ అరిగిపోతాయి. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. నల్లబడిన వెండి పాడైన వెండి కాదు.

మెడల్స్ కన్నా కింద రాసే వివరాల మీదే మేం ఎక్కువసేపు చూశాం. ఒక సైన్యాధికారి జీవితంలో ఎవరిని నడిపించాడు, ఎన్నాళ్లు, ఎక్కడ అన్నదే అసలు సంగతి. అది మెడల్స్‌లో కనపడదు. 9 ఏళ్ల మెడల్ తొమ్మిదేళ్లు పనిచేసిన ప్రతి సైనికుడికీ వస్తుంది. బెటాలియన్‌ను నడిపే అవకాశం మాత్రం కొద్దిమందికే. ఒక పదాతి బెటాలియన్ అంటే సుమారు 800 మంది, వాళ్ల తిండి, సెలవులు, శిక్షణ, ప్రాణాలు, అన్నీ కమాండింగ్ ఆఫీసర్ చేతిలో. కల్నల్ పటంలో దుకాణంవాళ్లు ఆ కాలాన్ని ఒక్క ముక్క కూడా రాయకుండా ఆ చోట ట్యాంకు బొమ్మ, ఎగిరే విమానం బొమ్మ నింపారు. ఆయన పదాతి దళం మనిషి.

రాత ఎట్లా ఉండాలో చూపడానికి అందరికీ తెలిసిన సంతోష్‌బాబు వివరాలనే తీసుకుందాం.

కల్నల్ బిక్కుమల్ల సంతోష్‌బాబు, మహావీర్ చక్ర, మరణానంతరం
సూర్యాపేట
కోరుకొండ సైనిక్ స్కూల్, నేషనల్ డిఫెన్స్ అకాడమీ
కమిషన్: 2004 డిసెంబర్, 16 బిహార్
కమాండింగ్ ఆఫీసర్, 16 బిహార్: 2019 డిసెంబర్ నుంచి 2020 జూన్ 15 వరకు
గల్వాన్ లోయ, తూర్పు లద్దాఖ్

ఆరు వరుసలు. 2004లో ఏ బెటాలియన్‌లో చిన్న అధికారిగా చేరాడో, పదిహేనేళ్ల తర్వాత అదే బెటాలియన్‌కు పెద్దయ్యాడన్నది నాలుగు, ఐదు వరుసలు పక్కపక్కన చదివితేనే తెలుస్తుంది. కమాండ్ తీసుకుని ఏడు నెలలైనా నిండలేదని కూడా అక్కడే తెలుస్తుంది. గల్వాన్‌లో ఆ రాత్రి 20 మంది మన సైనికులు అమరులయ్యారు, వాళ్లలో ఆ దళాన్ని నడిపిస్తున్న అధికారి ఒకడు. తీవ్రంగా గాయపడినా ముందుండి నడిపించాడన్నదే పతకం ఇచ్చినప్పటి ప్రశంసలోని సారం. పతకం 2021 జనవరిలో ప్రకటించారు, 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా కుటుంబానికి అందింది. తేదీ వేయాలనుకుంటే ఏది ప్రకటించినదో ఏది అందుకున్నదో స్పష్టంగా రాయాలి. దుకాణం పోస్టరులో రెండూ కలిసిపోయాయి.

16 బిహార్ అంటే బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్. "బిహార్‌లో పనిచేశారు" అని తెలుగు చేసిన పటం ఒకటి ఉంది, ఇది చాలా పెద్ద తప్పు. మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు "మద్రాసులో ఉద్యోగం" అని రాసినట్టే. రెజిమెంట్ పేరు అది ఎక్కడ పనిచేసిందో చెప్పదు.

ర్యాంకుల మెట్లలో ఇంకో తికమక. మేజర్ లెఫ్టినెంట్ కన్నా పెద్ద కాబట్టి మేజర్ జనరల్ లెఫ్టినెంట్ జనరల్ కన్నా పెద్దనుకుని డీటీపీ చేసేవాళ్లు వరుస "సరిదిద్దుతారు". లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, బ్రిగేడియర్, మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, జనరల్. ఇదే క్రమం. ఆ పైన ఫీల్డ్ మార్షల్, మన సైన్యంలో ఇద్దరే: మానెక్‌షా, కరియప్ప. 1971 యుద్ధం నాటి సైన్యాధిపతి మానెక్‌షాకు 1973 జనవరిలో ఆ హోదా ఇచ్చారు. దుకాణంలో అమ్మే పోస్టరులో ఆయన పేరు ముందు "రిటైర్డ్" అని ఉంది. ఫీల్డ్ మార్షల్‌కు రిటైర్మెంట్ లేదు, ఆ హోదా జీవితాంతం ఉంటుంది. ఆ మాట తీసేయాలి.

సుబేదార్‌కూ హవల్దార్‌కూ ఈ రాత అక్కర్లేదని దుకాణంవాళ్ల లెక్క. మేం ఒప్పుకోం. పదిమంది సెక్షన్‌ను ముందుండి నడిపించేది హవల్దారే. సుబేదార్ లేకుండా కంపెనీ, అంటే బెటాలియన్‌లో ఒక భాగం, నడవదు. డిశ్చార్జ్ బుక్‌లో యూనిట్లు, తేదీలు, కోర్సులు ఉంటాయి, వాటిలోంచి నాలుగు వరుసలు ఎవరికైనా వస్తాయి. ఆ పుస్తకాన్ని గానీ పెన్షన్ కాగితాలను గానీ దుకాణంలో వదలొద్దు, జిరాక్స్ కూడా ఇవ్వొద్దు. కావాల్సినవి తెల్ల కాగితం మీద రాసివ్వండి. పటం మీద సర్వీస్ నంబర్, పెన్షన్ నంబర్ వేయించొద్దు.

ఫొటో దగ్గర గట్టిగా హెచ్చరించాల్సిన పని ఒకటి ఉంది. సివిల్ బట్టల్లో ఉన్న ఫొటో ఇస్తే, కంప్యూటర్‌లో ఎవరిదో యూనిఫాం ఒంటికి మన మనిషి తల అతికించి ఇస్తున్నారు. పనితనం ఎంత నున్నగా ఉన్నా అది అబద్ధం. ఆ రొమ్ము మీద మెడల్స్ ఇంకొకరివి, భుజం మీద ర్యాంకు ఇంకొకరిది. చూసి పట్టుకోవడం తేలికే: మేజర్‌కు భుజం మీద అశోక చిహ్నం ఒక్కటే, లెఫ్టినెంట్ కల్నల్‌కు దానితో ఒక నక్షత్రం, కల్నల్‌కు రెండు, బ్రిగేడియర్‌కు మూడు. కాలరు మీద ఎర్ర పట్టీలు కల్నల్ నుంచి పైవాళ్లకే. 2023 ఆగస్టు నుంచి బ్రిగేడియర్, ఆ పైవాళ్లందరికీ ఒకే తీరు టోపీ, బ్యాడ్జీలు వచ్చాయి, భుజం తాడు తీసేశారు. అంతకుముందు రిటైరైన బ్రిగేడియర్ ఫొటోలో రెజిమెంట్ టోపీ, తాడు ఉంటే అదే సరైనది, కొత్త ఫొటో చూసి దాన్ని మార్చనివ్వొద్దు. యూనిఫాం ఫొటో లేకపోతే సివిల్ ఫొటోనే పెట్టండి, ఏ లోపమూ రాదు.

జెండా గురించి. త్రివర్ణ పతాకాన్నే వెనక గుడ్డగా వేసి దాని మీద మెడల్స్ గుచ్చి, కింద పేరు ముద్రించే డిజైన్ ఒకటి చూపిస్తారు. జెండా మీద అక్షరాలు రాయడం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం నేరం. ఆ డిజైన్ ఎంచుకోవద్దు. అమరుల శవపేటిక మీద కప్పి కుటుంబానికి ఇచ్చిన జెండాను భద్రపరచడానికి మూడు మూలల పెట్టె కూడా ఉంది. అది అమెరికా వాళ్ల మడత. మన పద్ధతిలో కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెల్ల పట్టీ కిందికి మడిచి, తర్వాత తెల్ల పట్టీని రెండు వైపుల నుంచి మడిస్తే అశోక చక్రం పైకి కనిపిస్తుంది, పక్కన కొద్దిగా కాషాయం, ఆకుపచ్చ. ఆకారం నలుచదరానికి దగ్గరగా వస్తుంది. నాలుగు మూలల పెట్టెనే అడగండి, చేసిస్తారు.

అద్దం, బరువు: 18 × 24కు మూడు మిల్లీమీటర్ల అద్దం రెండు కిలోల పైనే ఉంటుంది, 24 × 36కు నాలుగు కిలోలు దాటుతుంది. బద్ద, అట్ట కలిపితే పెద్ద పటం ఎనిమిది కిలోల దాకా తూగుతుంది. దుకాణం ఇచ్చే ఒంటి కొక్కెం దానికి చాలదు. రెండు వైపులా కొక్కేలు, రెండు స్క్రూలు, రెండు ప్లగ్గులు కావాలి. పాలమూరు వైపు పాత మట్టిగోడ ఇళ్లలో మేకు నిలవదు, చెక్క బల్ల ఒకటి కింద ఆసరాగా పెట్టి దాని మీద ఆనించడమే మార్గం. అద్దానికి బదులు అక్రిలిక్ షీటు తేలికే గానీ పెద్ద సైజులో మన ఎండలకు వంగింది, చిన్న పటానికే పనికొస్తుంది. పడమటి గోడకు, కిటికీకి ఎదురుగా తగిలించొద్దు. రిబ్బన్ ఎరుపు ముందు వెలుస్తుంది. బోరు నీళ్లతో అద్దం తుడిస్తే తెల్ల మచ్చలు పడతాయి, ఇక వదలవు, ఫిల్టర్ నీళ్లు గుడ్డ మీద చల్లి తుడవాలి, అద్దం మీద నేరుగా పోయొద్దు.

ధరలు మేం చూసినప్పుడు 12 × 16కు 1,800, 18 × 24కు 3,200, 24 × 36కు 5,500 రూపాయలు. చేసిన పనికి ఎక్కువేం కాదు. మౌంట్ బోర్డు, కుట్టుపని, రెండో కొక్కెం కలిపితే పెద్దదానికి ఇంకో వెయ్యి దాకా అవుతుంది. పది రోజులని చెప్పి పదిహేను తీసుకున్నారు. ఆగస్టు 15, జనవరి 26 ముందు నెలలో ఇవ్వకండి, హడావిడిలో గ్లూ గన్‌కే చేయి పోతుంది. మెడల్స్ ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటి రెండు వైపులా, అంచు మీది అక్షరాలు కనపడేటట్టు ఫోన్‌తో ఫొటో తీసి, ఎన్ని ఇచ్చారో రసీదులో రాయించుకోండి. అంతకన్నా మంచిది, పటం అంతా సిద్ధమయ్యాక మెడల్స్ తీసుకెళ్లి, కుట్టేటప్పుడు పక్కన కూర్చోవడం. ఇందుకు వాళ్లు అడ్డు చెప్పరు, కుర్చీ వేసి చాయ్ తెప్పిస్తారు. పది మెడల్స్‌కు గంటన్నర పట్టింది.